టిగ్ వెల్డింగ్ నేర్చుకునేవారికి ఫిల్లర్ రాడ్ ఎప్పుడు చేతికివ్వాలి?

బాలానగర్ షెడ్డు:

మా షెడ్డు హైదరాబాదు బాలానగర్‌లో ఉంది. ఇళ్ళకు స్టెయిన్‌లెస్ స్టీలు రైలింగులు, హోటళ్ళ వంటగదులకు బల్లలు, సింకులు చేస్తాం. అందరూ ఆర్గాన్ వెల్డింగ్ అని పిలిచే టిగ్ పని నేర్చుకోవడానికి ఈ నెలలో ఇద్దరు కుర్రవాళ్ళు వచ్చి చేరారు. ఇద్దరికీ మామూలు ఆర్క్ వెల్డింగ్ వచ్చు గాని టిగ్ టార్చ్ పట్టడం ఇదే మొదలు.

నాకు పని నేర్పిన మేస్త్రిగారు పదిహేను రోజుల పాటు నన్ను ఫిల్లర్ రాడ్, అంటే కరిగి అతుకులో లోహం నింపే కడ్డీ, ముట్టనివ్వలేదు. ఉత్త టార్చ్‌తోనే రేకు మీద గీతలు తీయించారు. మా షెడ్డులోని సీనియర్ వెల్డర్ మాత్రం అది కాలాన్నీ గ్యాసునూ వృథా చేసే పద్ధతని, మొదటి పూటే ఎడమచేతికి రాడ్ ఇవ్వకపోతే తర్వాత ఆ చెయ్యి ఎప్పటికీ కదలదని గట్టిగా అంటున్నాడు. ఇద్దరి పనితనం మీదా నాకు గౌరవం ఉంది. ఆ కుర్రవాళ్ళకు ఏ దారిలో నేర్పితే మేలో, అనుభవం ఉన్నవారు కారణాలతో సహా చెప్పాలని కోరుతున్నాను.

ఐటీఐ మాస్టారు:

వెల్డర్ ట్రేడు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. మీ మేస్త్రిగారి పద్ధతే సరైనదని నా అభిప్రాయం; పదిహేను రోజులు మాత్రం ఎక్కువ.

మామూలు ఆర్క్ వెల్డింగ్‌లో వేడి పుట్టించేదీ, లోహం నింపేదీ ఒకే కడ్డీ. టిగ్‌లో ఆ రెండు పనులూ విడిపోయాయి. టార్చ్ కొసన ఉండే టంగ్‌స్టన్ కడ్డీ 3422 డిగ్రీల సెల్సియస్ దగ్గర గాని కరగదు కాబట్టి అది ఆర్క్‌ను నిలబెడుతుందే తప్ప అతుకులోకి దిగదు. లోహం కావాలంటే ఎడమచేత్తో వేరే రాడ్‌ను అందించాలి. అంటే కుడిచెయ్యి వేడిని నడుపుతుంటే ఎడమచెయ్యి లోహాన్ని కొలిచి ఇస్తుండాలి, పెడల్ ఉన్న మిషన్ అయితే కాలు కరెంటును అదుపు చేస్తుండాలి. ఈ మూడింటినీ మొదటి గంటలోనే ఒకేసారి నెత్తిన పెడితే కుర్రవాడి చూపు రాడ్ మీదికి పోతుంది. చూడవలసింది రాడ్‌ను కాదు, మడుగును, అంటే ఆర్క్ కింద కరిగి మెరుస్తున్న ఆ చిన్న లోహపు చుక్కను.

నేను నేర్పిన తీరు చెబుతాను. 2 మి.మీ. మందం గల 304 రకం స్టెయిన్‌లెస్ రేకు ముక్క, 60 నుంచి 65 యాంప్స్ డీసీ, టార్చ్ నెగటివ్‌కు, 1.6 మి.మీ. టంగ్‌స్టన్, టార్చ్ మూతికి గ్యాసు వదిలే 6వ నంబరు కప్పు, గాలి సోకకుండా కప్పే ఆర్గాన్ గ్యాసు నిమిషానికి 7 లేదా 8 లీటర్లు. టంగ్‌స్టన్ మొనను దాని మందానికి రెండు, రెండున్నర రెట్ల పొడవున సూదిగా చెక్కాలి. చెక్కేటప్పుడు రాయి గీతలు మొన వైపు నిలువుగా పోవాలి, చుట్టూ అడ్డంగా పడితే ఆర్క్ అటూ ఇటూ తిరుగుతుంది. టార్చ్‌ను నిటారు నుంచి 15 డిగ్రీల దాకా వెనక్కి వాల్చి, మొనకూ రేకుకూ మధ్య 2 మి.మీ. ఖాళీ ఉంచి, ఆర్క్ అందుకున్న తర్వాత రెండు మూడు సెకన్లు కదలకుండా ఆగాలి. ముందు రేకు ఎర్రబడుతుంది, ఆ వెంటనే మధ్యలో గుండ్రంగా అద్దంలా తళుక్కుమంటుంది. ఆ తళుకు 4, 5 మి.మీ. వెడల్పు అయినప్పుడు కదలాలి, ఆ వెడల్పును చివరిదాకా నిలపాలి. టార్చ్ పైకి లేస్తే మడుగు పలచబడి పక్కలకు పాకుతుంది, ఆగితే కిందికి కుంగుతుంది, తొందరపడితే సన్నని దారమై పోతుంది. ఈ మూడు తేడాలనూ కన్ను పట్టుకున్న రోజున రాడ్ ఇస్తే ఎడమచెయ్యి తనంతట తానే దారిలో పడుతుంది.

స్టెయిన్‌లెస్ మీదే చేయించడానికి మరో కారణం ఉంది. చల్లారిన గీత గోధుమ వన్నెలోనో లేత బంగారు రంగులోనో ఉంటే గ్యాసు కప్పుదల, వేడి రెండూ సరిగా ఉన్నట్టే. నీలం వస్తే వేడి ఎక్కువైందనీ, మసక బూడిద రంగు వస్తే గాలి తగిలిందో, వేడి మరీ మించిందో అనీ మాస్టరు పక్కన లేకపోయినా రేకే చెబుతుంది. 1941లో అమెరికాలోని నార్త్‌రప్ విమాన కంపెనీలో రస్సెల్ మెరెడిత్ ఈ పద్ధతిని రూపొందించింది మెగ్నీషియం అతకడానికి. వేడి మీద గాలి తగిలితే అంటుకునే లోహం కనుక ఆయన ఆర్క్ చుట్టూ హీలియం కప్పాడు. గాలి సోకకుండా కాపాడటం ఈ విద్యకు ప్రాణం కాబట్టి అది మొదట ఒంటబట్టాలి.

పైపులైను వెల్డర్:

మాస్టారూ, మీ మాట మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. నేను గల్ఫ్‌లో తొమ్మిదేళ్ళు పైపు వెల్డింగ్ చేసి, ఇప్పుడు విశాఖ దగ్గర మందుల కంపెనీలున్న పరవాడ వైపు పని చేస్తున్నాను.

మొదటి అభ్యంతరం లోహానిది. మన షెడ్లలో కొత్తవాళ్ళకు ఇచ్చేది 304 రేకు కాదు, మిగిలిపోయిన మైల్డ్ స్టీలు ముక్క. దాని మీద రాడ్ లేకుండా గీత తీస్తే చాలాసార్లు మడుగు బుసబుస పొంగుతుంది, చల్లారాక సూది బెజ్జాలు కనబడతాయి. ఆ ఉక్కులో మిగిలి ఉన్న ఆక్సిజన్ కరిగిన వేళ కార్బన్‌తో కలిసి కార్బన్ మోనాక్సైడ్ బుడగలుగా బయటికి రావడమే దానికి కారణం. పైన ఉన్న మిల్ స్కేలును, అంటే తయారీలో పట్టిన నల్లటి పెచ్చును, గ్రైండ్ చేయకపోతే పరిస్థితి ఇంకా చెడుతుంది. ఫిల్లర్ రాడ్‌లో సిలికాన్, మాంగనీస్ వేసేది ఆ ఆక్సిజన్‌ను పట్టి తీసేయడానికే. మైల్డ్ స్టీలుకు వాడే ఈఆర్70ఎస్-2 రకం రాడ్‌లోనైతే అల్యూమినియం, టైటానియం, జిర్కోనియం కూడా ఉంటాయి. రాడ్ లేకుండా మూడు రోజులు మైల్డ్ స్టీలు కరిగించిన కుర్రవాడు ఆ బెజ్జాలు తన చేతి తప్పే అనుకుంటాడు, లేని తప్పును దిద్దుకోవడానికి గ్యాసు పెంచుతాడు, కోణం మారుస్తాడు, చివరికి ఉన్న మంచి అలవాటును కూడా పోగొట్టుకుంటాడు.

రెండోది ఇంకా ముఖ్యం. రాడ్ మడుగులో ముంచిన ప్రతిసారీ అది కొంత వేడిని మింగుతుంది. రాడ్‌తో చేసే పనిలో కరెంటు, నడక వేగం రెండూ ఆ చల్లదనాన్ని లెక్కలో పెట్టుకునే కుదురుతాయి. రాడ్ లేకుండా కుదిరిన చెయ్యి రాడ్ పట్టిన రోజున మళ్ళీ మొదటికి వస్తుంది. ఎడమచెయ్యి సంగతి అంతకన్నా కష్టం. రాడ్‌ను బొటనవేలితో నెడుతూ తక్కిన వేళ్ళ మధ్య నుంచి ముందుకు జరపడం సైకిలు తొక్కడం లాంటి విద్య, చెబితే రాదు, రోజులు పడుతుంది. ఆ రోజులు మొదటి రోజు నుంచే లెక్కకు రావాలి.

పరీక్షలో అడిగేది కూడా అదే కదా. 45 డిగ్రీల వాలులో బిగించి, తిప్పడానికి వీల్లేని పైపును అతికే పరీక్షను 6జీ టెస్టు అంటారు, గల్ఫ్ ఉద్యోగానికి వెళ్ళే పైపు వెల్డర్లు సాధారణంగా దాన్ని దాటాలి. అక్కడ రూట్, అంటే అతుకు అడుగున వేసే మొదటి పొర, పడేది రాడ్‌తోనే. రాడ్ సమంగా అందకపోతే పైపు లోపలి వైపు ఒకచోట గుంట, ఒకచోట బొడిపె తేలతాయి, ఎక్స్-రేలో రెండూ దొరికిపోతాయి.

ఐటీఐ మాస్టారు:

మైల్డ్ స్టీలు గురించి మీరు చెప్పింది అక్షరాలా నిజం. అందుకే నేను 304 అని ప్రత్యేకంగా చెప్పాను, బాలానగర్ షెడ్డు వారికి స్టెయిన్‌లెస్ ముక్కలకు కొదవ ఉండదు కూడా. అయితే రాడ్ లేని బీడ్, అంటే అతుకు గీత, అసలు వెల్డింగే కాదన్న భావన కుర్రవాళ్ళకు కలగకూడదు. మందుల కంపెనీల్లో శుద్ధమైన నీరు పోయే పలచని 316ఎల్ రకం స్టెయిన్‌లెస్ గొట్టాలను యంత్రంతో చుట్టూ తిప్పి అతికే ఆర్బిటల్ వెల్డింగ్‌లో సాధారణంగా ఫిల్లర్ వాడరు. గొట్టాల అంచులను లంబంగా, నున్నగా కోసి, లోపల ఆర్గాన్ నింపి, ఆ రెండంచులనే కరిగించి కలుపుతారు. మీ పరవాడలోనే ఆ పని చూసి ఉంటారు.

ఎడమచెయ్యి విషయంలో మీతో ఏకీభవిస్తాను. కాని ఆ సాధనకు ఆర్క్ అక్కర్లేదు. చేతి గ్లౌజు వేసుకుని, సగానికి కోసిన రాడ్ పట్టుకుని, ఇంట్లో కూర్చునైనా వేళ్ళ మధ్య జరుపుకోవచ్చు. నా విద్యార్థులను మొదటి రోజు నుంచీ అలా చేయమనేవాణ్ణి. ఆర్క్ దగ్గర మాత్రం రాడ్ తర్వాతే.

కొత్త చెయ్యి:

నేర్చుకుంటున్న వైపు నుంచి ఒక మాట చెప్పనివ్వండి. నేను విజయవాడ ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాపులో రెండు నెలలుగా టిగ్ నేర్చుకుంటున్నాను. మా దగ్గర మొదటి రోజే రాడ్ ఇచ్చారు. ఒక్క గంటలో పదకొండుసార్లు టంగ్‌స్టన్ మడుగుకు తగిలింది, తగిలిన ప్రతిసారీ ఆపి మొన చెక్కుకోవలసి వచ్చింది. ఆ రోజు వెల్డింగ్ కన్నా గ్రైండింగ్ ఎక్కువ చేశాను. ఇప్పటికీ నాకున్న ఇబ్బంది ఏమిటంటే, రాడ్ మడుగు దాకా చేరకముందే చివర కరిగి బంతిలా చుట్టుకుని, టంగ్‌స్టన్‌కు అంటుకుంటోంది. అన్నలెవరైనా కారణం చెబితే మేలు చేసినవారవుతారు.

పైపులైను వెల్డర్:

తమ్ముడూ, నువ్వు రాడ్‌ను ఆర్క్‌కు అందిస్తున్నావు, మడుగుకు కాదు. చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

రాడ్ దాదాపు పడుకుని రావాలి, రేకుతో 15 డిగ్రీలకు మించి లేవకూడదు. నిటారుగా వస్తే దారిలోనే ఆర్క్ వేడి తగిలి చివర బంతి అవుతుంది. కుడిచేతివాడివైతే టార్చ్ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది, రాడ్ ఎడమ వైపు నుంచి ఎదురొచ్చి మడుగు ముందంచును తాకుతుంది. నడిమధ్యన కాదు, ముందంచున. తాకగానే మడుగే దాన్ని కరిగించి ఒక చుక్క తీసుకుంటుంది, నువ్వు 5, 6 మి.మీ. వెనక్కి లాగుతావు, టార్చ్ 2 మి.మీ. ముందుకు జరుగుతుంది, మళ్ళీ తాకుతావు. వెనక్కి లాగినప్పుడు రాడ్ కొస ఆర్గాన్ కప్పు నీడలోనే ఉండాలి. ఎర్రగా కాలిన కొస గాలిలోకి వస్తే క్షణంలో నల్లబడుతుంది, ఆ నలుపును తర్వాతి ముంపులో నువ్వే అతుకులో కలుపుతావు. నల్లబడిందని కనబడితే మొహమాటం లేకుండా కట్టర్‌తో ఆ కొస తెంచెయ్యి.

ఇంకొక సంగతి. తలను మరీ పైన పెట్టుకుని చూస్తున్నావేమో గమనించుకో. మొనకూ రేకుకూ మధ్య ఖాళీ కనబడాలంటే పక్క నుంచి, తల వంచి చూడాలి. కనబడని ఖాళీ తెలియకుండానే పెరుగుతుంది, ఆర్క్ పొడవైతే వేడి వెడల్పుగా పరుచుకుని రాడ్‌ను ముందే కరిగిస్తుంది. నీ బంతికి సగం కారణం అదే కావచ్చు.

గాజువాక ఫ్యాబ్రికేషన్:

చర్చ పద్ధతి మీద నడుస్తున్నా, కుర్రవాళ్ళకు రాడ్ కన్నా ముందు చెప్పవలసిన ఒక విషయం ఎవరూ ఎత్తలేదు. రేకును జిడ్డు లేకుండా తుడవాలని అందరూ చెబుతారు, దేనితో తుడవకూడదో చెప్పరు. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్లు, డీగ్రీజర్లు వాడి వెంటనే ఆర్క్ వెలిగిస్తే ఆ వేడికీ, అతినీలలోహిత కాంతికీ ఫాస్‌జీన్ అనే విషవాయువు పుట్టే ప్రమాదం ఉంది. అసిటోన్‌తో తుడిచి, పూర్తిగా ఆరాక, డబ్బాను దూరంగా పెట్టాకే ఆర్క్ వెలిగించాలి. ఎర్ర రంగు పట్టీ ఉన్న టంగ్‌స్టన్‌లో థోరియం ఉంటుంది, అది స్వల్పంగా రేడియోధార్మికమైన పదార్థం కాబట్టి చెక్కేటప్పుడు వచ్చే పొడి పీల్చకూడదు. నేర్చుకునేవాడు రోజంతా మొన చెక్కుతూనే ఉంటాడు కనుక అతనికి బంగారు రంగువో, బూడిద రంగువో, అంటే లాంథనం, సీరియం కలిపినవి ఇవ్వడం మంచిది. ఈ జాగ్రత్తల విషయంలో ఏ పక్షంవారైనా ఒకటే కావాలి.

బాలానగర్ షెడ్డు:

అందరికీ కృతజ్ఞతలు. ఈ వారం రోజులు చేయించి చూసిన తర్వాత రాస్తున్నాను.

ఇద్దరికీ రెండు దారులు పెట్టాను. ఒకతనికి మొదటి పూట నుంచే 1.6 మి.మీ. మందం గల, 304కు వాడే 308ఎల్ రాడ్ ఇచ్చాను, రెండో అతనితో మూడు రోజులు 304 ముక్కల మీద ఉత్త గీతలే తీయించి, సాయంత్రాలు రాడ్‌ను ఊరికే వేళ్ళ మధ్య జరపమన్నాను. మొదటి అతని బీడ్ రెండో రోజుకే చూపుకు అతుకులా తయారైంది, నాకు ముచ్చటేసింది కూడా. కాని ముక్కను సగానికి కోసి చూస్తే లోహం రేకు మీద కూర్చుందే గాని లోపలికి దిగలేదు. మడుగు తయారుకాక ముందే చుక్క వేసుకుంటూ పోయాడన్నమాట. రెండో అతను నాలుగో రోజున రాడ్ పట్టినప్పుడు, పైపులైను వెల్డర్ గారు చెప్పినట్టే, చుక్క పడగానే మడుగు చల్లబడితే ఏం చేయాలో తెలియక ఆగిపోయాడు. 65 యాంప్స్‌ను 70 చేస్తే సర్దుకుంది. అతని ముక్క కోసినప్పుడు లోపల కలయిక బాగుంది.

ఇద్దరే మనుషులు, ఒకటే వారం, దీనితో తీర్పు చెప్పలేను. మా షెడ్డు వరకు మాత్రం నిర్ణయించుకున్నాను. స్టెయిన్‌లెస్ మీద మూడు రోజులు రాడ్ లేకుండా, ఆ తర్వాత రెండు రేకులు అంచులు ఆనేలా పెట్టిన బయటి మూల అతుకు మొదట ఉత్తగా, వెంటనే రాడ్‌తో. మైల్డ్ స్టీలు ముక్క ఇస్తే గ్రైండింగ్ చేసి, మొదటి నుంచీ రాడ్‌తోనే. మా సీనియర్ వెల్డర్ ఇంకా ఒప్పుకోలేదు, మూడు రోజులు కూడా ఎక్కువే అంటున్నాడు. అయినా కోసిన ముక్కలు రెండూ తీసుకెళ్ళి తన బల్ల మీద పెట్టుకున్నాడు. రేపటి నుంచి ఇద్దరూ మూల అతుకుల మీద కూర్చుంటారు. ఎడమచెయ్యి ఆనించుకోవడానికి మడుగు ఎత్తుకు సరిపోయేలా రెండు చెక్కదిమ్మలు కోయించి ఉంచాను.