బెల్టు పెట్టుకున్నా పేగు చిట్లింది: తప్పు బెల్టుదేనా?

ప్రశ్న అడిగినవారు:
ఎదురెదురుగా జరిగిన కారు ప్రమాదంలో ముందు సీటులో కూర్చున్న మా బంధువుకు ఒక్క ఎముకా విరగలేదు గానీ, పొట్టకు అడ్డంగా బెల్టు వాత తేలింది. మొదటి స్కానింగులో ఏమీ లేదన్నారు. మర్నాటికి చిన్నపేగుకు చిల్లు పడిందని తెలిసి ఆపరేషన్ చేశారు. బెల్టు లేకుంటే పేగు దక్కేదని ఇంట్లో కొందరు వాదిస్తున్నారు. ఇది నిజమేనా?

వాహన ఇంజనీరు:
నిజం కాదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళుతున్న కారు ముందుభాగం నుజ్జయ్యే క్రమంలో, బెల్టు కట్టుకున్న మనిషి సుమారు 60 సెంటీమీటర్ల దూరంలో ఆగాడనుకుంటే, అతని శరీరంపై సగటున గురుత్వాకర్షణకు 16 రెట్ల బలం పడుతుంది. అంటే కిలోన్నర బరువుండే కాలేయం ఆ క్షణంలో 24 కిలోల వస్తువులా తన బంధనాలను లాగుతుంది. బెల్టు లేనివాడైతే కారు వేగం తగ్గుతున్నా తాను అదే వేగంతో ముందుకు వెళ్లి, స్టీరింగుకు గుద్దుకొని కొద్ది సెంటీమీటర్లలోనే ఆగుతాడు. ఆగే దూరం ఎంత తగ్గితే బలం అంత పెరుగుతుంది.

శస్త్రచికిత్స వైద్యుడు:
లెక్క సరైనదే, కానీ పొట్ట ఒకే ముద్ద కాదు. కాలేయం, ప్లీహం వంటి గట్టి అవయవాలు తమను పట్టి ఉంచే బంధనాల దగ్గర చీలుతాయి. క్లోమం, ఆంత్రమూలం (జీర్ణాశయం తరువాత వచ్చే చిన్నపేగు తొలి భాగం) బెల్టుకూ వెన్నెముకకూ మధ్య నలుగుతాయి. పేగు సంగతి వేరు. బెల్టు రెండుచోట్ల నొక్కినప్పుడు మధ్యలో చిక్కిన భాగం, రెండు కొసలూ ముడివేసిన నీళ్ల సంచిలా, లోపలి ఒత్తిడికి చిట్లిపోతుంది. కదిలే పేగు కదలని పేగుతో కలిసే చోట్ల, అంటే చిన్నపేగు మొదట్లోనూ పెద్దపేగుతో కలిసే చివరలోనూ, చీలికలు ఎక్కువ. దీనికి బెల్టే కారణం కావచ్చని వైద్యులు ఎప్పుడో గుర్తించారు. గారెట్, బ్రౌన్‌స్టీన్ అనే పరిశోధకులు 1962లోనే దీనికి ‘సీటు బెల్టు సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. కనుక మీ ఇంట్లోవారి మాటను పూర్తిగా కొట్టిపారేయలేను.

వాహన ఇంజనీరు:
ఆ రోజుల్లో కార్లలో ఎక్కువగా ఉన్నది నడుముకు మాత్రమే కట్టే బెల్టు. ఛాతీని కూడా పట్టి ఉంచే మూడు బిందువుల బెల్టును నీల్స్ బోలిన్ వోల్వో కోసం రూపొందించింది 1959లో. అది అందరికీ చేరడానికి చాలా ఏళ్లు పట్టింది. అసలు చూడవలసింది నడుము పట్టీ ఎక్కడుందన్నది. అది తుంటి ఎముకల మీద ఉంటే బలాన్ని ఎముక మోస్తుంది, పొట్ట మీదికి జరిగితే పేగు మోస్తుంది. సీటును వెనక్కి వాల్చి పడుకున్నవారు ఢీకొన్న క్షణంలో బెల్టు కింద నుంచి ముందుకు జారిపోతారు, పట్టీ పొట్ట మీదికి వస్తుంది. పిల్లల్లో తుంటి ఎముకల అంచు ఇంకా సరిగా ఏర్పడదు కనుక, సుమారు 145 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా వారికి కూర్చునే ఎత్తు పెంచే బూస్టర్ సీటు కావాలి. మీ బంధువు సీటు వాల్చి ఉందా?

ప్రశ్న అడిగినవారు:
అవును, కునుకు తీస్తున్నాడు. అయితే మొదటి స్కానింగులో ఎందుకు కనబడలేదు?

శస్త్రచికిత్స వైద్యుడు:
అల్ట్రాసౌండులో రక్తస్రావం తెలిసినంత సులువుగా పేగు చిల్లు తెలియదు. సీటీలోనూ తొలి గంటల్లో ఆనవాలు స్వల్పంగా ఉండవచ్చు. పైగా పేగుకు రక్తం అందించే మెసెంటరీ పొర చిరిగితే, రక్తం అందని భాగం కొన్ని రోజుల తరువాత కూడా కుళ్లి చిల్లుపడవచ్చు. అందుకే వాత ఉన్న ప్రతివారినీ, స్కానింగు మామూలుగా ఉన్నా, ఒకరోజైనా ఆసుపత్రిలో ఉంచాలన్నది నా అభిప్రాయం.

అత్యవసర విభాగం వైద్యురాలు:
‘ప్రతివారినీ’ అన్న మాటతో నేను ఏకీభవించను. నాణ్యమైన సీటీలో ఏ లోపమూ లేక, పొట్ట మెత్తగా, నొప్పి లేకుండా ఉన్నవారిని కొన్ని గంటలు గమనించి, జాగ్రత్తలు చెప్పి పంపవచ్చు. కానీ వాతతో పాటు నొక్కితే నొప్పి ఉంటే మాత్రం మీ మాటే నాదీ. అటువంటివారిని వీలైతే ఒకే వైద్యుడు గంటల వ్యవధిలో మళ్లీ మళ్లీ తడిమి చూడాలి. నొప్పి పెరుగుతున్నా, పొట్ట బిగుసుకుంటున్నా, వాంతులో జ్వరమో మొదలైనా మొదటి స్కానింగు ఫలితాన్ని నమ్ముకొని కూర్చోకూడదు.