జేమ్స్ కుక్ ప్రాక్టీస్ మానేసి కూర్చోవడం తప్పా? రన్నింగ్ బ్యాక్‌ల జీతాల గొడవ ఎవరైనా విడమరిచి చెప్పండి

బఫెలో_చలి | ఆగస్టు 10, 2025

అందరికీ నమస్కారం. నేను బఫెలోలో ఎంఎస్ చేస్తున్నాను, వచ్చి రెండేళ్లయింది. మొదటి చలికాలం మంచులో బయటికెళ్లే దారి లేక రూమ్మేట్స్‌తో కూర్చుని ఇక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు బిల్స్ మ్యాచ్‌లు చూడటం మొదలుపెట్టాను. ఇప్పుడు ఒక్కటి కూడా వదలను. అందరూ జోష్ ఆలెన్ అంటారు గానీ నాకు ఇష్టం జేమ్స్ కుక్, మా రన్నింగ్ బ్యాక్, అంటే బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తేవాడు. పోయిన సీజన్లో 1,009 గజాలు పరిగెత్తాడు, పరుగుతోనే 16 టచ్‌డౌన్లు.

అతను సీజన్ ముందు జరిగే శిక్షణ క్యాంప్‌కి వచ్చి కూడా ప్రాక్టీస్ చేయట్లేదు. నిన్న జెయింట్స్‌తో ప్రీసీజన్ మ్యాచ్‌లోనూ దిగలేదు. కొత్త కాంట్రాక్ట్ కావాలట. మా రూమ్‌లో మిగతా ముగ్గురూ ఒకటే మాట: సంతకం పెట్టినవాడు ఆడాలి, ఇంకో ఏడాది ఉండగానే ఎక్కువ అడగడం దురాశ అని. నాకు అది అన్యాయంగా అనిపిస్తోంది, ఎందుకో మాత్రం చెప్పలేకపోతున్నాను. సంతకం పెట్టాక ఇలా అడగడం న్యాయమేనా? ఇలా కూర్చున్నవాళ్లకి చివరికి లాభం జరిగిందా? పాత సంగతులు తెలిసినవాళ్లు చెప్తారా?

మన్రోవిల్_మిర్చి | ఆగస్టు 11, 2025

చెల్లెమ్మా, నేను పిట్స్‌బర్గ్ పక్కన మన్రోవిల్‌లో పదహారేళ్లుగా ఉంటున్నా. ఇక్కడి జట్టు స్టీలర్స్ మనిషిని. మా క్లోజెట్‌లో మూడు జెర్సీలున్నాయి: 26, 30, 22. లెవియన్ బెల్, జేమ్స్ కానర్, నాజీ హారిస్. ముగ్గురూ రన్నింగ్ బ్యాక్‌లే, ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. ఒక్కరికీ మా జట్టు రెండో పెద్ద కాంట్రాక్ట్ రాయలేదు.

ముందు సంతకం సంగతి. కాలేజీ నుంచి వచ్చిన కుర్రాడు జట్టుని ఎంచుకోడు, జట్టే అతన్ని ఎంచుకుంటుంది. మొదటి కాంట్రాక్ట్ నాలుగేళ్లు. ఎన్నో వాడిగా ఎంపికయ్యాడో దాన్ని బట్టే జీతం, బేరానికి పెద్దగా చోటుండదు. మూడు సీజన్లు ఆడేదాకా దాన్ని తిరగరాయడానికి రూల్స్ ఒప్పుకోవు. మీ కుక్ 2022లో రెండో రౌండ్‌లో, 63వ వాడిగా వచ్చాడు. లెక్కేసుకో, నోరు తెరిచి అడగడానికి అతనికి దొరికిన మొదటి వేసవి ఇదే. దురాశ అంటున్నవాళ్లకి ముందు ఈ మాట చెప్పు.

రెండో సంగతి, ఆ సంతకం రెండు వైపులా ఒకేలా కట్టదు. జట్టు వద్దనుకుంటే మధ్యలోనే వదిలేయొచ్చు. వదిలేసినా చేతికొచ్చేది గ్యారంటీగా రాసిన భాగం ఒక్కటే. పేపర్లో వచ్చే పెద్ద అంకె చూడకూడదు, ఖాయం ఎంతో చూడాలి. కుక్‌కి ఇది ఇంట్లోనే తెలుసు. వాళ్లన్న డాల్విన్ 2020లో మిన్నెసోటాతో ఐదేళ్లకి 63 మిలియన్ల కాంట్రాక్ట్ చేశాడు. 2022లో 1,173 గజాలు పరిగెత్తాడు. 2023 జూన్‌లో వదిలేశారు.

ఇక బెల్. 2017లో 406 సార్లు బంతి అతని చేతికొచ్చింది, ఆ ఏడాది లీగ్‌లో ఎవరికీ అన్ని రాలేదు. బంతి తీసుకోవడం అంటే ఊరికే తీసుకోవడం కాదు కదా, ప్రతిసారీ ఒకరో ఇద్దరో నూటపాతిక కిలోల మనుషులు మీద పడతారు. ఆ ఏడాది అతను ఫ్రాంచైజ్ ట్యాగ్ మీద ఆడాడు, 12.12 మిలియన్లకి. ట్యాగ్ అంటే జట్టు తను వదలదలుచుకోని ఒక ఆటగాణ్ణి ఏడాదిపాటు బజారుకి వెళ్లనివ్వకుండా ఆపుకోవడం. రెండోసారి వేస్తే జీతం 20 శాతం పెంచాలి, అంతే. 2018లో మళ్లీ వేశారు, 14.54 మిలియన్లు. ఐదేళ్లకి 70 మిలియన్ల ప్రతిపాదన కూడా వచ్చిందని అప్పట్లో అన్ని చోట్లా రాశారు, కానీ అందులో సంతకం నాడే ఖాయమయ్యేది చిన్న భాగమే. బెల్ వద్దన్నాడు. ట్యాగ్ మీద సంతకం పెట్టలేదు కాబట్టి జరిమానా లేదు. ఆడని ప్రతి వారానికీ 8,55,000 డాలర్లు మాత్రం పోయాయి.

ఆ సెప్టెంబర్లో అమ్మా నాన్నా మా దగ్గరే ఉన్నారు. మొదటి మ్యాచ్ క్లీవ్‌లాండ్‌లో, వాన. నాన్న శాలువా కప్పుకుని సోఫాలో నా పక్కన కూర్చున్నాడు. ఆట ఒక్క ముక్క తెలీదు. బెల్ సంగతి టీవీలో పదేపదే చెప్తుంటే ఎవరతను, ఎందుకు రాలేదని అడిగాడు. చెప్పా. అంతా విని, "ఖాయం ఎంత రాసిచ్చారు?" అన్నాడు.

మా నాన్న గుంటూరు జిల్లాలో ముప్పై ఏళ్లు మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు మోశాడు. ఒక్కోటి నలభై కిలోల పైమాట. టిక్కీ లెక్కన కూలి. నలభై ఐదో ఏటికి నడుం వంగలేదు, వంగితే లేవలేదు. రేటు అడగాలంటే ఫిబ్రవరి, మార్చిల్లో లారీలు బారులు తీరినప్పుడే అడగాలనేవాడు, ఆషాఢంలో మానేస్తే ఎవడికి పట్టింది అని. హమాలీల ముఠా అంతా ఒక్కమాట మీద ఉంటేనే అడగాలనేవాడు, పక్క ముఠా దిగిందంటే ఇక పోయినట్టే.

ఆ రోజు మ్యాచ్‌లో బెల్ చోట పక్క ముఠా దిగింది. కానర్ 31 సార్లు బంతి పట్టుకుని 135 గజాలు పరిగెత్తాడు, రెండు టచ్‌డౌన్లు. మ్యాచ్ 21-21 తో సమం. కానర్‌ని ఏమనగలం? 2015లో, ఇక్కడే పిట్ యూనివర్సిటీలో ఉండగా క్యాన్సర్ వచ్చి, గెలిచి వచ్చిన పిల్లాడు. ఊరంతా నిలబడి చప్పట్లు కొట్టింది, నేనూ కొట్టాను. 973 గజాలు, 12 టచ్‌డౌన్లతో ప్రో బౌల్‌కి, అంటే లీగ్‌లో మేటి ఆటగాళ్ల జాబితాకి, ఎంపికయ్యాడు. అంతకుముందే బెల్‌కి దారి చేసే లైన్‌మెన్ విలేకరుల ముందు అతన్ని తప్పుపట్టారు. ట్యాగ్ మీద సంతకం పెట్టాల్సిన నవంబర్ 13 గడువు దాటిన మర్నాడు జట్టువాళ్లే అతని లాకర్‌లోంచి బూట్లు తీసుకుపోతుంటే టీవీల్లో చూపించారు. పెన్‌హిల్స్ గుడి క్యాంటీన్లో పులిహోర తింటూ మనవాళ్లు కూడా వాడికి పొగరన్నారు. నాన్న మాత్రం ఆ లాకర్ దృశ్యం చూసి ఛానల్ మార్చమన్నాడు.

ఇప్పుడు కానర్ సంగతి విను. మొదటి కాంట్రాక్ట్ అయిపోగానే 2021లో ఒక్క ఏడాది ఒప్పందం మీద అరిజోనా వెళ్లిపోయాడు. అతని చోట నాజీ హారిస్ వచ్చాడు. నాలుగు సీజన్లు, ఒక్క మ్యాచ్ కూడా మానలేదు, ప్రతి ఏడూ వెయ్యి గజాలు దాటాడు. మొదటి రౌండ్ వాళ్ల కాంట్రాక్ట్‌ని ఇంకో ఏడాది పొడిగించుకునే ఆప్షన్ జట్టుకి ఉంటుంది, అదీ వద్దన్నారు. ఈ వసంతంలో లాస్ ఏంజిలెస్ జట్టు ఛార్జర్స్‌కి వెళ్లాడు. అలిగి కూర్చున్నవాడూ పోయాడు, కిక్కురుమనకుండా ఆడినవాళ్లూ పోయారు. మీ రూమ్మేట్స్‌ని ఈ ఒక్క ముక్కకి జవాబు చెప్పమను.

కుక్‌కి కాంట్రాక్ట్ ఉంది కాబట్టి క్యాంప్‌కే రాకపోతే రోజుకి వేల డాలర్ల జరిమానా పడుతుంది. అందుకే వచ్చి, పక్కన నిలబడ్డాడు. దీన్ని హోల్డ్-ఇన్ అంటున్నారు. పని దగ్గరికొచ్చి టిక్కీ ఎత్తకపోవడం లాంటిది.

ఎడిసన్_తెనాలి | ఆగస్టు 11, 2025

మన్రోవిల్ అన్నగారూ, నాన్నగారి మాట మీద గౌరవంతోనే అడుగుతున్నా, ఈ పోలిక కుదురుతుందా? హమాలీ రేటు పెరిగితే ఇచ్చేది వ్యాపారి. ఈ లీగ్‌లో, అంటే ఎన్‌ఎఫ్‌ఎల్‌లో, సాలరీ క్యాప్ ఉంది, జట్టు మొత్తం జీతాలకి పరిమితి అన్నమాట, ఈ ఏడాది జట్టుకి 279.2 మిలియన్లు. కుక్‌కి ఎక్కువిస్తే ఆ మేరకు తగ్గేది తోటి ఆటగాళ్ల వాటా. లైన్‌మెన్‌కి కోపం రావడంలో తప్పేముంది?

పైగా బెల్‌ని తర్వాత తీసుకుంది మా న్యూయార్క్ జట్టు జెట్సే. 2019 మార్చిలో నాలుగేళ్లకి 52.5 మిలియన్లు. వచ్చిన రోజు నేనెంత సంబరపడ్డానో చెప్పలేను. 15 మ్యాచ్‌ల్లో 789 గజాలు, పరుగుకి సగటున 3.2. ఏడాది ఆట మానేసిన కాళ్లు వేరే కాళ్లయిపోయాయి. 2020 అక్టోబర్లో వదిలేశారు. ఆ డబ్బుతో మంచి లైన్‌మెన్‌ని తెచ్చుకుని ఉంటే బాగుండేదని ఇప్పటికీ బాధ.

అయితే అదే మెట్‌లైఫ్ స్టేడియంలో ఆడే జెయింట్స్ ఇంకో రకంగా నష్టపోయారు, అదీ చెప్పాలి. 2023లో తమ రన్నింగ్ బ్యాక్ సేక్వాన్ బార్క్‌లీకి 10.09 మిలియన్ల ట్యాగ్ వేశారు. చివరికి 11 మిలియన్ల దాకా వచ్చేలా ఏడాది ఒప్పందం మీద ఆడించి, మరుసటి ఏడు పోనిచ్చారు. ఫిలడెల్ఫియా జట్టు ఈగల్స్ మూడేళ్లకి 37.75 మిలియన్లు ఇచ్చింది. 2024లో 2,005 గజాలు. లీగ్ ఫైనల్ సూపర్ బౌల్ గెలిచిన రోజు అతని 28వ పుట్టినరోజు. ఈ మార్చిలో రెండేళ్లు పొడిగించి 41.2 మిలియన్లు రాశారు, ఏడాదికి 20 మిలియన్లు దాటిన మొదటి రన్నింగ్ బ్యాక్ అతనే. ఫిలడెల్ఫియా లైన్ ఎంత గట్టిదో తెలిసిందే, అది వేరే జట్టులో జరిగేదా అన్నది నా అనుమానం.

ఫ్రిస్కో_అక్క | ఆగస్టు 11, 2025

డాలస్ సంగతి నేను చెప్తాను, ఇక్కడ ఆఫీసులో పాతవాళ్లు ఇప్పటికీ మర్చిపోరు. 1993లో కౌబాయ్స్ సూపర్ బౌల్ గెలిచి ఉన్నారు. వాళ్ల రన్నింగ్ బ్యాక్ ఎమిట్ స్మిత్ కాంట్రాక్ట్ లేక మొదటి రెండు మ్యాచ్‌లు ఆడలేదు. రెండూ ఓడారు. వెంటనే నాలుగేళ్లకి 13.6 మిలియన్లు ఇచ్చి పిలిచారు. రెండు మ్యాచ్‌లు తక్కువాడినా లీగ్‌లో అందరికంటే ఎక్కువ పరిగెత్తాడు, 1,486 గజాలు. సీజన్ ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడి అవార్డు), సూపర్ బౌల్ ఎంవీపీ రెండూ అతనికే. మన్రోవిల్ గారు చెప్పిన పక్క ముఠా అప్పుడు మా దగ్గర లేదు, అందుకే పని జరిగింది.

2019లో కౌబాయ్స్ రన్నింగ్ బ్యాక్ ఎజెకీల్ ఎలియట్ కూడా క్యాంప్‌కి రాకుండా మెక్సికోలో ఉండిపోయి ఆరేళ్లకి 90 మిలియన్లు రాయించుకున్నాడు, 50 గ్యారంటీ. 2023లో వదిలేశారు. కానీ గ్యారంటీ డబ్బు అతనికి అందింది కదా. అడగకుండా ఉంటే అదీ లేదు.

మన్రోవిల్_మిర్చి | ఆగస్టు 12, 2025

ఎడిసన్ తమ్ముడూ, క్యాప్ మాట నిజం. కాదనను. కానీ ఆ మాట రన్నింగ్ బ్యాక్ దగ్గరే ఎందుకు గుర్తొస్తుంది? కుక్ లాంటివాడు మూడేళ్లు తక్కువకి ఆడినప్పుడు మిగిలిన డబ్బు ఎవరి వాటాలోకి వెళ్లింది? తోటి ఆటగాళ్ల వాటాలోకే. అప్పుడు ఎవరూ లెక్క అడగలేదు.

మా నాన్న ముఠాలో రోజు కూలి అంతా ఒక్క చోట పోసి సమానంగా పంచుకునేవాళ్లు. నడుం నొప్పని ఒక పూట కూర్చున్నవాడికీ ఎంతో కొంత ఇచ్చేవాళ్లు. ఇక్కడ అలాంటి ఏర్పాటు లేదు. 2023 జులైలో ఛార్జర్స్ రన్నింగ్ బ్యాక్ ఆస్టిన్ ఎకెలర్ పూనుకుని రన్నింగ్ బ్యాక్‌లందరినీ జూమ్‌లో కూర్చోబెట్టాడు. మాట్లాడుకున్నారు, అంతే. అన్ని స్థానాలకీ కలిపి యూనియన్ ఒక్కటే, వీళ్ల కోసం మిగతావాళ్లు పని ఆపరు. అందుకని ఎవడికి వాడు ఒంటరిగా కూర్చుంటున్నాడు. ఒంటరిగా కూర్చున్నవాణ్ణి పొగరుబోతు అనడం తేలిక.

బెల్ కాళ్ల గురించి నువ్వన్నది కూడా నిజమే. నాకూ ఇప్పటికీ గుచ్చుకుంటుంది. 14.54 మిలియన్లు పోవడం కంటే ఆ ఏడాది ఆట పోవడం పెద్ద నష్టం. బంతి అందుకుని, లైన్ వెనక ఆగి, దారి తెరుచుకునేదాకా నిలబడేవాడు చూడు, అంతమంది మీదికొస్తుంటే అలా నిలబడటం మళ్లీ ఎవరి దగ్గరా చూడలేదు. కూర్చోవడం తప్పని కాదు, ఏడాదంతా కూర్చోకూడదు. అదే కుక్ గురించి నా భయం. మీ దగ్గర పక్క ముఠా ఎలా ఉంది చెల్లెమ్మా?

బఫెలో_చలి | ఆగస్టు 13, 2025

అన్నా, రే డేవిస్ ఉన్నాడు, మంచివాడే, కానీ కుక్ కాదు. మీకు రాద్దామని కూర్చునేలోపే వార్త వచ్చింది! నిన్న కుక్ ప్రాక్టీస్‌కి దిగాడు, ఇవాళ ఒప్పందం అయిపోయింది. నాలుగేళ్లు, 48 మిలియన్లు. ల్యాబ్‌లో ఉండగా ఫోన్లో చూసి కేక పెట్టాను.

నిన్న రాత్రి మీ మూడు జెర్సీల సంగతి రూమ్‌లో చదివి వినిపించాను. ఒకమ్మాయి ఇంకా ఒప్పుకోలేదు, క్యాప్ అనే అంటోంది. ఎడిసన్ గారి పోస్ట్ కూడా చదివి పెట్టడం నా పొరపాటు కాదు, అదీ వినాల్సిందే. మిగతా ఇద్దరూ మాత్రం నాజీ హారిస్ గురించి వెతికి చాలాసేపు చదివారు.

మన్రోవిల్_మిర్చి | ఆగస్టు 13, 2025

సంతోషం చెల్లెమ్మా. ఖాయం ఎంత?

బఫెలో_చలి | ఆగస్టు 13, 2025

30 మిలియన్లు అన్నా.

మన్రోవిల్_మిర్చి | ఆగస్టు 13, 2025

మంచిది. గుంటూరులో తెల్లారగానే నాన్నకి ఫోన్ చేసి చెప్తా.