పెద్దయ్యాక ఆటిజం నిర్ధారణ కోసం వెళ్లడం అవసరమా?

నిదానం:
నాకు 38 ఏళ్లు. పదిమందిలో ఉన్నంతసేపూ మాటలను ముందే మనసులో కూర్చుకుని మాట్లాడతాను. ఇంటికి వచ్చాక గంటసేపు చీకటి గదిలో పడుకుంటే తప్ప మళ్లీ మనిషిని కాలేను. ఇన్నేళ్లూ దీన్ని బిడియం అనుకున్నాను. ఈ మధ్య ఆటిజం లక్షణాలు ఎంతున్నాయో అంచనా వేసే 50 ప్రశ్నల ఏక్యూ ప్రశ్నావళి నింపితే 50కి 36 వచ్చింది. నిపుణుల దగ్గర అసెస్‌మెంట్ చేయించుకోవాలా, ఈ వయసులో అది వృథా ప్రయాసేనా? రెండు వైపుల వాదనలూ వినాలని ఉంది.

కొలిమి:
అవసరం లేదన్నదే నా అభిప్రాయం. ఆటిజం మూల లక్షణాలను తగ్గించే మందు లేదు. రక్తపరీక్షలో గానీ మెదడు స్కానింగ్‌లో గానీ అది తేలదు కాబట్టి, చివరికి మీ చేతికి వచ్చేది ఒక నిపుణుడి అభిప్రాయం మాత్రమే. ఉద్యోగమూ సంసారమూ నెట్టుకొచ్చిన మనిషికి ఆ కాగితం కొత్తగా ఇచ్చేదేమిటి? పైగా అది నలుగురికీ తెలిస్తే, రేపు మీరు అలసిపోయినా, కోపగించుకున్నా, అన్నింటికీ అదే కారణమంటారు. శబ్దం భరించలేకపోతే చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకోవడానికి, విందుకు రాలేనని చెప్పడానికి ఎవరి ధ్రువపత్రమూ అక్కర్లేదు.

వానచినుకు:
కొలిమి గారూ, మందు లేదన్నదీ, స్కానింగ్‌లో తేలదన్నదీ రెండూ నిజమే. అయితే ఆ రెండో మాట నన్ను మీకు సరిగ్గా ఎదురు దిక్కుకు తీసుకెళుతోంది. రక్తంలో దొరికేదైతే ఎన్నేళ్లు ఆగి పరీక్షించుకున్నా నష్టం లేదు. ఆటిజం నిర్ధారణ చాలావరకు బాల్యం గురించిన విచారణ. మానసిక సమస్యల నిర్ధారణకు డాక్టర్లు అనుసరించే అమెరికన్ ప్రామాణిక గ్రంథం డీఎస్ఎం. 2013లో వచ్చిన దాని ఐదో కూర్పు, డీఎస్ఎం-5 ప్రకారం లక్షణాలు ఎదుగుదల తొలి దశలోనే ఉండి తీరాలి. చుట్టూ ఉన్నవారి అపేక్షలు శక్తికి మించేదాకా అవి పూర్తిగా బయటపడకపోవచ్చనీ, నేర్చుకున్న ఉపాయాల చాటున దాగిపోవచ్చనీ కూడా అదే పుస్తకం అంగీకరిస్తుంది. అంటే నిదానం గారిని పరీక్షించేవారు ఆయనలోని నాలుగేళ్ల పిల్లవాడిని వెతకాలి. ఆ పిల్లవాడిని కళ్లారా చూసినవారు ఎల్లకాలం ఉండరు.

నేను 43వ ఏట వెళ్లాను. సైకాలజిస్ట్ మా అమ్మతో విడిగా గంటన్నర మాట్లాడారు. చొక్కా మెడ వెనక లేబుల్ ఒంటికి తగిలితే నేను గుక్కపట్టి ఏడ్చేవాడినట. అందుకని కొత్త చొక్కా కొన్న ప్రతిసారీ కుట్టు విప్పి దాన్ని తీసేశాకే అమ్మ నాకు తొడిగేదట. బడికి రోజూ వెళ్లే దారి ఒకనాడు మార్చితే, ఇంటికి వెనక్కి తీసుకొచ్చి పాత దారిలో మళ్లీ నడిపించేదాకా నేను ఊరుకోలేదట. ఇవేవీ నాకు గుర్తు లేవు కాబట్టి నేను నింపిన ఏ ప్రశ్నావళిలోకీ అవి రాలేదు. మరో రోజు మాటల్లేని బొమ్మల పుస్తకం ఇచ్చి కథ చెప్పమన్నారు. ప్రతి బొమ్మలోనూ ఎన్ని వస్తువులున్నాయో, ఏది ఎక్కడుందో వరసగా చెప్పుకుపోయాను. అందులోని మనుషులు ఏమనుకుంటున్నారో ఒక్క మాటైనా చెప్పలేదని చివర్లో ఆ సైకాలజిస్ట్ చూపించేదాకా నాకు తట్టలేదు. ఆ తర్వాత రెండేళ్లకు అమ్మ పోయింది.

ఇంకొక మాట. అసెస్‌మెంట్ "అవును" అన్నంత స్పష్టంగా "కాదు" అని కూడా చెప్పగలదు, నా దృష్టిలో అది చిన్న విషయం కాదు. మనస్తత్వ శాస్త్రవేత్త సైమన్ బారన్-కోహెన్ బృందం 2001లో ప్రచురించిన ఏక్యూ, ఎవరిని లోతుగా పరీక్షించాలో సూచించడానికే తప్ప రోగనిర్ధారణకు కాదు. సామాజిక ఆందోళన (నలుగురిలోకి వెళ్లాలంటే కలిగే విపరీతమైన భయం) ఉన్నవారికీ, ఏడీహెచ్‌డీ (దృష్టి నిలపలేకపోవడం, నిలకడ లేకపోవడం) ఉన్నవారికీ కూడా అందులో మార్కులు పెరగవచ్చు. కారణం సామాజిక ఆందోళన అయితే దానికి పనిచేసే చికిత్సలున్నాయి. తనకు తానే ఆటిజం అని తీర్మానించుకున్న మనిషి ఆ చికిత్స తలుపు తట్టకుండానే ఉండిపోవచ్చు. ఒకరిలో రెండూ ఉండవచ్చు కూడా: 2013కు ముందు డీఎస్ఎం నిబంధనలు ఆటిజాన్నీ ఏడీహెచ్‌డీనీ ఒకే వ్యక్తికి కలిపి నిర్ధారించనిచ్చేవి కావు. కాబట్టి అంతకుముందు పరీక్ష చేయించుకున్నవారికి సగం జవాబే దొరికి ఉండవచ్చు.

"ఇన్నేళ్లు ఎవరికీ కనిపించనిది ఇప్పుడెక్కడిది" అనేవారికి కాలక్రమమే సమాధానం. మనోవైద్యుడు లియో కానర్ ఆటిజం ఉన్న 11 మంది పిల్లల గురించి రాసింది 1943లో. చక్కగా మాట్లాడగలిగే, తెలివితేటల్లో వెనకబడని పిల్లలకు అప్పట్లో వాడిన, ఆటిజం కోవకే చెందిన ఆస్పెర్గర్ సిండ్రోమ్ అనే పేరు డీఎస్ఎంలో చేరింది 1994లో. అప్పటికే బడిలో ఉన్న మన తరంలో అలాంటి పిల్లలను గుర్తించే చూపు టీచర్లకు గానీ డాక్టర్లకు గానీ దాదాపు లేదు. ఆడపిల్లల విషయంలో అది మరీ తక్కువ. అందుకే పెద్దలను పరీక్షించిన అనుభవం ఉన్నవారి దగ్గరకే వెళ్లండి.

కొలిమి:
బాల్యానికి సాక్షులు కావాలన్న మాటను కాదనలేను. కానీ తల్లిదండ్రులు లేనివారి సంగతేమిటి? ఉన్నా, డెబ్బై దాటిన తల్లిని కూర్చోబెట్టి ఇవన్నీ అడిగితే, తన పెంపకంలోనే లోపం జరిగిందని ఆవిడ కుమిలిపోదా? ఆఫీసులో చెప్పడం గురించి మాత్రం నా అభిప్రాయం మారలేదు.

వానచినుకు:
ఆఫీసులో చెప్పమని నేను అనలేదు. ఫలితం మీ సొత్తు, ఎవరికి చెప్పాలో మీ ఇష్టం. తల్లిదండ్రులు లేనప్పుడు అన్నో అక్కో, పాత ప్రోగ్రెస్ కార్డులో టీచరు రాసిన ఒక వాక్యమో ఆధారమవుతుంది. ఏదీ లేకపోయినా మీరు చెప్పే జీవితకథనూ, ఎదురుగా కనిపించేదాన్నీ బట్టి అనుభవజ్ఞులు ఒక నిర్ణయానికి రాగలరు, పని కష్టమవుతుందంతే. తల్లి బాధ గురించి మీరన్నది నన్నూ కలచివేసిన విషయమే. తల్లుల నిరాదరణ వల్లే ఆటిజం వస్తుందన్న సిద్ధాంతం ఒకప్పుడు ఎందరినో కాల్చుకు తిన్నది. మనస్తత్వ శాస్త్రవేత్త బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లోనే దాన్ని గట్టిగా ఖండించారు. అడిగే ముందే ఆ సంగతి అమ్మకు చెప్పాలి. మా అమ్మ అంతా విని, "అయితే ఆ లేబుళ్లు తీసి మంచి పనే చేశానన్నమాట" అంది.

నిదానం:
ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి అమ్మకు ఫోన్ చేసి, తన తప్పేమీ లేదని మొదటే చెప్పి, చిన్నప్పుడు ఎలా ఉండేవాడినని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నీకు ఐదేళ్లొచ్చేదాకా మిక్సీ వేసేముందు నిన్ను పక్కింట్లో దించి వచ్చేదాన్ని" అంది. మిగతావి ఆదివారం వెళ్లి రాసుకుంటాను. ఆ కాగితాలు పట్టుకునే అపాయింట్‌మెంట్‌కు వెళతాను.