తొమ్మిదేళ్ల డిష్‌వాషర్: బాగు చేయించాలా, కొత్తది కొనాలా?

పాలకొల్లు గృహిణి:

అందరికీ నమస్కారం. నాలుగు రోజులుగా మా ఇంట్లో ఇదే వాదన, ఎటూ తేలడం లేదు. మీలో ఎవరికైనా అనుభవం ఉంటే చెప్పండి.

మా డిష్‌వాషర్ కొని తొమ్మిదేళ్లయింది. సంక్రాంతికి ఇంటినిండా చుట్టాలు ఉన్నప్పుడు రోజుకి మూడుసార్లు తిరిగిన మెషీను. మొన్న సోమవారం రాత్రి మధ్యలో ఆగిపోయింది. తలుపు తీస్తే అడుగున నాలుగు వేళ్ల లోతు మురికినీళ్లు. మళ్లీ ఆన్ చేస్తే కాసేపు గుయ్యిమంటుంది, తర్వాత ఎర్రర్ చూపించి ఆగిపోతుంది.

కంపెనీ మనిషి రాజమండ్రి నుంచి వచ్చాడు. రావడానికే 650 తీసుకున్నాడు. తలుపు తీసి చూశాడు గానీ కింద విప్పలేదు. నీళ్లు బయటికి తోడే డ్రెయిన్ పంపు, మెషీనుని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు రెండూ పోయాయని 14,500కి ఎస్టిమేటు రాసిచ్చాడు. "దీనికి ఇంత పెట్టే బదులు కొత్తది తీసుకోండమ్మా, ఎక్స్ఛేంజిలో నాలుగు వేలు తగ్గుతుంది" అన్నాడు. మేం చూసుకున్న కొత్తది 42,000.

మావారు కొత్తదే కొందామంటున్నారు. నాకు మాత్రం దీన్ని వదలబుద్ధి కావడం లేదు. మా అత్తగారికి కీళ్లనొప్పులు, ఆవిడ చేత అంట్లు తోమించడం నాకిష్టం లేదు. కాబట్టి మెషీను లేకుండా ఉండే మాట మాత్రం లేదు. ఏం చేయమంటారు?

భీమవరం ఉద్యోగిని:

అక్కా, కొత్తది కొనేయండి. నేను బాగు చేయించే దారిలో వెళ్లి దెబ్బతిన్నదాన్ని, అందుకే చెబుతున్నాను. మాది ఎనిమిదో ఏట మొదలుపెట్టింది. ముందు నీళ్లు రావడం లేదని ఇన్‌లెట్ వాల్వు మార్చారు, 2,200. ఐదు నెలలకి డ్రెయిన్ పంపు, 4,600. ఆ తర్వాత బోర్డు, 9,000. పద్నాలుగు నెలల్లో 15,800 పెట్టాం. ఒక్కో పార్టుకి ఇచ్చిన వారంటీ మూడు నెలలే. చివరికి తలుపు కింద రబ్బరు నుంచి నీళ్లు కారి, పక్కనున్న కబోర్డు చెక్క ఉబ్బిపోయింది. మేం చూసుకునేసరికే ఆలస్యమైంది.

డబ్బు ఒక్కటే కాదు. ప్రతిసారీ మనిషి కోసం వారం రోజులు ఎదురుచూపు. ఆఫీసు నుంచి వచ్చి సింకు నిండా గిన్నెలు చూస్తే ఏడుపొచ్చేది. ఆ తర్వాత కొన్న కొత్తదానికి కరెంటూ నీళ్లూ కూడా తక్కువే అవుతున్నాయి.

అమలాపురం లెక్కల మాస్టారు:

ఒక చిన్న లెక్క వేద్దామమ్మా. ఎక్స్ఛేంజి పోగా కొత్తది 38,000. అది పదేళ్లు పనిచేస్తుందనుకుంటే ఏడాదికి 3,800. పాతదానికీ కొత్తదానికీ కరెంటులో రోజుకి అర యూనిట్ తేడా ఉందనుకుందాం. నేను ఎక్కువగానే వేస్తున్నాను. అంటే ఏడాదికి 182 యూనిట్లు. యూనిట్ ఆరు రూపాయలు అనుకున్నా సుమారు 1,100 మిగులుతుంది. అంటే కొత్తదాని అసలు ఖర్చు ఏడాదికి 2,700.

ఇప్పుడు 14,500 పెట్టి పాతదాన్ని బాగు చేయిస్తే, ఆ డబ్బు గిట్టుబాటు కావాలంటే అది ఇంకో ఐదేళ్లు దాటి పనిచేయాలి. తొమ్మిదేళ్ల మెషీనుకి ఐదేళ్ల హామీ ఎవరూ ఇవ్వలేరు. ఆ ఎస్టిమేటు నిజమైతే మీవారి మాటే సరి. అదే రిపేరు మూడు వేలతో అయిపోయేదైతే ఏడాదిన్నర కూడా పనిచేయక్కర్లేదు, డబ్బు తీరిపోతుంది. అప్పుడు మీ మాట సరి.

కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది ఆ 14,500 సంగతి. విప్పకుండా రెండు పార్టులు పోయాయని ఎలా తెలిసింది?

రావులపాలెం రిటైర్డ్ ఉద్యోగి:

మాస్టారి లెక్కలో ఒక ఖర్చు రాలేదు. పాతది ఎక్కడికి పోతుంది? మా ఊళ్లో పాత ఇనప కొట్టువాడు ఇలాంటివి కొని రాగీ స్టీలూ తీసుకుని, మిగతా ప్లాస్టిక్కు కాలవగట్టు మీద తగలబెడతాడు. ఆ పొగ మా ఇంట్లోకే వస్తుంది. ఈ-వ్యర్థాల కొత్త నియమాలు 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్నాయి, తయారీదారులే రీసైక్లింగు బాధ్యత తీసుకోవాలి. ఎక్స్ఛేంజికి ఇచ్చేటప్పుడు మెషీను ఎవరికి వెళుతుందో అడిగి, రసీదు తీసుకోండి. పనిచేసే వస్తువుని మాత్రం పడేయకండి.

కాకినాడ మెకానిక్:

అమ్మా, ఇరవై ఏళ్లుగా వాషింగ్ మెషీన్లు, ఆరేళ్లుగా డిష్‌వాషర్లు బాగు చేస్తున్నాను. మీరు రాసిన దాంట్లో నాకు ఒక మాట చాలా ముఖ్యం. గుయ్యిమంటుంది అన్నారు. అంటే పంపుకి కరెంటు వెళుతోంది. ఆ కరెంటు పంపేది బోర్డే. అది నీళ్లు తోడే సమయంలో వచ్చే చప్పుడే అయితే, బోర్డు తన పని చేస్తున్నట్టే. పంపు తిరగాలని చూస్తోంది, తిరగలేకపోతోంది. కాలిపోయిన పంపు సాధారణంగా చప్పుడే చేయదు.

ముందు ప్లగ్గు తీసేయండి. స్విచ్ ఆఫ్ చేస్తే చాలదు. అడుగున నీళ్లు గిన్నెతో తోడి, మిగిలింది స్పాంజితో పీల్చేయండి. కింది ఫిల్టరు తిప్పితే పైకి వస్తుంది. ఆ గుంటలో పక్కకి ఒక చిన్న ప్లాస్టిక్ మూత ఉంటుంది, చాలా మోడళ్లలో చేత్తోనే ఊడుతుంది. దాని వెనక చిన్న ఫ్యాను లాంటిది కనిపిస్తుంది. వేలితో కాదు, చెంచా కాడతో తిప్పి చూడండి, ఎందుకంటే అక్కడ గాజు పెంకులు ఉండొచ్చు. కొంచెం కొంచెంగా ఆగుతూ తిరిగితే మంచిదే, అది అయస్కాంతం పట్టు. అసలు కదలకపోతే ఏదో ఇరుక్కుంది. మన ఇళ్లలో నేను ఎక్కువగా తీసేవి చింతపండు పీచు, కరివేపాకు ఈనెలు, చేపముళ్లు.

అక్కడ ఏమీ లేకపోతే వెనక నీళ్లు పోయే గొట్టం చూడండి. మెషీను వెనక్కి నెట్టినప్పుడు నలిగిపోతుంది. సింకు కింద కలిసే చోట జిడ్డు గడ్డకట్టి పూడిపోతుంది కూడా. ఈ రెండూ బాగుండి కూడా నీళ్లు పోకపోతే అప్పుడు పంపు మార్చాలి. పంపు ఒక్కటే అయితే నేను మూడు వేల లోపు వేస్తాను.

ఏ మెషీన్లు వదిలేసి కొత్తవి కొనమంటానంటే, లోపలి స్టీలు తొట్టికి చిల్లులు పడినవి, వరదలో మునిగినవి. 2022 జులై గోదావరి వరద తర్వాత లంకల్లో చాలా మెషీన్లు విప్పాను. మోటారులో ఒండ్రు చేరితే రెండు నెలలు తిరిగి మళ్లీ ఆగిపోతాయి. వాటి మీద డబ్బు పెట్టకండి. హీటరూ, గిన్నెల మీద నీళ్లు చిమ్మే పెద్ద పంపూ ఒకే ముక్కగా ఉన్న మోడలులో అది పోయినా ఆలోచించుకోవాలి, ఖరీదెక్కువ.

సఖినేటిపల్లి రైతు కోడలు:

నేను వేరే సంగతి అడుగుతాను. ఆ మెషీనుకి ఏ నీళ్లు ఇస్తున్నారు?

మాకు సముద్రం దగ్గర. వాడుకకి బోరు నీళ్లే. నోట్లో పోసుకుంటే ఉప్పగా ఉంటాయి. మా మొదటి డిష్‌వాషర్ ఐదో ఏట పోయింది. తొట్టి అడుగున సూదిమొనంత గుంటలు పడి, అక్కడి నుంచి తుప్పు దిగింది. పంపు మార్చాం, వాల్వు మార్చాం, తొట్టి కారుతుంటే ఏం చేస్తాం? కొత్తది కొన్నాం. మళ్లీ అదే బోరుకి తగిలించాం. రెండో ఏడు తిరక్కుండానే అదే చోట అవే గుంటలు. ఆ రోజు నాకు చాలా బాధేసింది, డబ్బు అప్పు తెచ్చి కొన్నది.

ఇప్పుడు తాగునీటి కుళాయి నుంచి ఒక చిన్న ట్యాంకు విడిగా పెట్టి దానికి కలిపాం. గుంటలు పెరగడం ఆగింది. బాగు చేయించాలా కొత్తది కొనాలా అని మీరు అడుగుతున్నారు గానీ, నీళ్లు మార్చకపోతే రెండూ ఒకటే అక్కా.

కాకినాడ మెకానిక్:

ఈవిడ చెప్పింది బంగారం లాంటి మాట. డెల్టాలో పనిచేసేవాడిగా కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే కంపెనీ పుస్తకంలో ఇది మన ఊళ్లకి తగ్గట్టు ఉండదు.

నీళ్లలో రెండు వేర్వేరు తంటాలు ఉంటాయి. ఒకటి గరుకుదనం, అంటే కాల్షియం, మెగ్నీషియం. గ్లాసుల మీద తెల్లటి చారలు, హీటరు మీద సున్నపు పొర దీనివల్లే. చాలా మెషీన్లలో దీనికి ఏర్పాటు ఉంది. అడుగున రెసిన్ పూసలున్న డబ్బా ఉంటుంది. ఆ పూసలు కాల్షియాన్ని పట్టుకుని సోడియాన్ని వదులుతాయి. పూసలు నిండిపోయినప్పుడు, మీరు పోసిన ఉప్పునీళ్లతో మెషీనే వాటిని కడుక్కుంటుంది. ఉప్పు అయిపోతే ఆ డబ్బా ఉన్నా లేనట్టే. మామూలు అయోడిన్ ఉప్పు పోయకండి, పొడి గడ్డకడుతుంది. కల్లుప్పులో మట్టి, మెగ్నీషియం ఉంటాయి, అదీ వద్దు. డిష్‌వాషర్ ఉప్పే పోయాలి. మీ నీళ్ల గరుకుదనానికి తగ్గట్టు మెషీనులో అంకె కూడా పెట్టాలి. తాగునీటికి మన దేశ ప్రమాణంలో గరుకుదనం లీటరుకి 200 మిల్లీగ్రాముల లోపు, వేరే నీళ్లు లేకపోతే 600 వరకు. మా దగ్గర బోర్లు ఈ రెండో అంకె కూడా దాటడం నేను చూశాను.

రెండోది ఉప్పదనం, అంటే క్లోరైడు. దీన్ని ఆ రెసిన్ ఏమీ చేయలేదు. వేడినీళ్లలో క్లోరైడు స్టీలుకి గుంటలు పెడుతుంది. సఖినేటిపల్లి అక్క మెషీనుకి అయింది ఇదే. కాలవలు కట్టేసిన వేసవి నెలల్లో జనం బోరు మీద పడతారు, నాకు ఫోన్లు ఎక్కువ వచ్చేది ఆ తర్వాతే.

పాలకొల్లు అమ్మగారూ, తొట్టి అడుగు పొడిగా తుడిచి టార్చిలైటుతో చూడండి. గోధుమ రంగు మచ్చ తుడిస్తే పోతే, అది పైనుంచి రాలిన తుప్పు. గోరు తగిలే గుంట ఉంటే అది లోపలి నుంచి తినేస్తోంది. అలా ఉంటే మూడు వేలు కూడా పెట్టకండి.

భీమవరం ఉద్యోగిని:

మీరు చెప్పింది బాగుందన్నా. కానీ మీలాంటి మనిషి ప్రతి ఊళ్లో దొరకాలి కదా. మా దగ్గర ఏసీ మెకానిక్కులు వీధికి ఇద్దరున్నారు, డిష్‌వాషర్ విప్పుతానన్నవాళ్లు ఒక్కరూ లేరు. కంపెనీ మనిషి పార్టు మార్చడమే చేస్తాడు, బాగు చేయడు. ఇంట్లో ఆడవాళ్లం స్క్రూడ్రైవరు పట్టుకుని కూర్చోవాలా? బాగు చేయించమని చెప్పడం తేలిక, చేసేవాళ్లు ఎక్కడ?

అమలాపురం లెక్కల మాస్టారు:

ఆ అమ్మాయి అడిగింది న్యాయమైన ప్రశ్న. కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ (బాగు చేయించుకునే హక్కు) పోర్టల్ పెట్టింది. అందులో చేరిన కంపెనీల మాన్యువళ్లు, విడిభాగాల వివరాలు ఒకచోట దొరికేలా. విప్పి చూడకుండా ఎస్టిమేటు ఇస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు కూడా చేయొచ్చు. కానీ మనిషి కొరత దానితో తీరదు, ఒప్పుకుంటాను. మన ఐటీఐలలో ఈ పని నేర్పితే ఎంతమంది కుర్రాళ్లకి ఉపాధి.

పాలకొల్లు గృహిణి:

అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న ఆదివారం మావారూ నేనూ కలిసి విప్పాం. ఎక్కువ విప్పింది కూడా లేదు, ఫిల్టరు తిప్పి మూత లాగాం, అంతే. ఫ్యాను రెక్కల మధ్య ఒక గాజు ముక్క. చేతికి వేసుకునే గాజు, ఆకుపచ్చది. దాని చుట్టూ చింతపండు పీచు చుట్టుకుని ఉంది. పట్టకారుతో తీసి, ప్లగ్గు పెట్టి ఆన్ చేస్తే నీళ్లన్నీ ఒక్కసారిగా పోయాయి. మా అత్తగారు ఆ గాజు ముక్క చూసి, అట్లతద్దికి వేసుకున్న గాజులని గుర్తుపట్టారు.

బోర్డు బాగానే ఉంది. పంపూ బాగానే ఉంది. 14,500 అని రాసిచ్చిన కాగితం ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది. దాన్ని చూస్తుంటే కోపం వస్తోంది. కంపెనీకి మెయిలు పెట్టాను, 650 తిరిగి ఇమ్మన్నాను. ఇవ్వకపోతే 1915కి ఫోన్ చేస్తాను.

తొట్టి కూడా చూశాం. ఒక మూల మచ్చలు ఉన్నాయి, తుడిస్తే పోయాయి. హీటరు వైపు గోరు తగిలే గుంట ఒకటే ఉంది. ఇంకోటి లేదు. రెండేళ్లుగా ఉప్పు డబ్బా ఖాళీగానే ఉంది, బోరు నీళ్లే ఇస్తున్నాం. ఆ తప్పు మాదే. నిమ్మ ఉప్పు వేసి ఖాళీగా ఒకసారి తిప్పాం, లోపల తెల్లపొర చాలావరకు పోయింది. ప్లంబరుని పిలిచి మున్సిపల్ నీళ్ల ట్యాంకు నుంచి విడిగా లైను వేయిస్తున్నాం, 1,800 అడిగాడు. కొత్త మెషీను ఇప్పుడు కొనడం లేదు. ఎప్పుడు కొన్నా ఆ లైను దానికీ పనికొస్తుందని మావారే అన్నారు.

కాకినాడ మెకానిక్:

సంతోషం అమ్మా. ఆ ఒక్క గుంటకి ఎదురుగా పెన్సిలుతో తేదీ రాసి పెట్టుకోండి. ఆరు నెలలకి చూసి పెరిగిందా లేదా చెప్పండి. అల్యూమినియం గిన్నెలు మాత్రం అందులో పెట్టకండి, ఆ సబ్బుకి నల్లబడతాయి.

భీమవరం ఉద్యోగిని:

బాగైనందుకు నిజంగా సంతోషంగా ఉంది అక్కా. తొమ్మిదేళ్ల మెషీను మీద నాకు నమ్మకం లేదు, ఇప్పటికీ అదే అంటాను. ఒక్క పని చేయండి. రాత్రి మెషీను తిరిగాక తలుపు కింద, రబ్బరు చివర రెండు మూలల్లో టిష్యూ పెట్టి చూడండి. తడిస్తే వెంటనే రబ్బరు మార్పించండి. మా కబోర్డు పోయింది ఎడమ మూల దగ్గర.