‘కంప్లైంట్ రాక్’ని తెలుగులో ఏమంటారు?

గ్రూపులోని పెద్దలకూ మిత్రులకూ నమస్కారం. 1995లో వచ్చిన ‘క్లూలెస్’ అనే అమెరికన్ హైస్కూలు కామెడీ సినిమా పాటల ఆల్బమ్ గురించి తెలుగులో ఒక పేజీ రాద్దామని కూర్చున్నాను. రెండు రోజులుగా ఒకే ఒక్క మాట దగ్గర ఇరుక్కుపోయాను. కాస్త చెయ్యి వేయండి.

సినిమా చూడనివాళ్ళకి రెండు ముక్కలు. షేర్ అనే అమ్మాయి బెవర్లీ హిల్స్‌లో డబ్బున్న లాయరుగారి కూతురు. స్కూల్లో ఆమె చెప్పిందే వేదం. ఎవరికి ఎవరు జోడీయో తనే తేల్చేస్తుంది, తన మనసులో ఏముందో మాత్రం తనకే తెలియదు. జేన్ ఆస్టిన్ 1815 నాటి నవల ‘ఎమ్మా’ని దర్శకురాలు ఎమీ హెకర్లింగ్ తెచ్చి షాపింగ్ మాల్‌లో కూర్చోబెట్టింది. కథలో జాష్ అని ఒక కాలేజీ కుర్రాడు ఉంటాడు. అతను వినే పాటలంటే షేర్‌కి వెటకారం. ఒకచోట వాటిని ‘క్రై బేబీ మ్యూజిక్’ అంటుంది. తర్వాత తన స్నేహితురాలు అతని మీద మనసు పడిందని తెలిసి, ఒంటరిగా రోడ్డు మీద నడుస్తూ, ‘వాడిలో ఏముందని?’ అని వంకలు ఏకరువు పెడుతుంది. బట్టలు వింతగా వేసుకుంటాడట, ‘కంప్లైంట్ రాక్’ వింటాడట.

మొదటిదానికి ‘ఏడుపుగొట్టు పాటలు’ అని పెట్టేశాను, చక్కగా కుదిరింది. రెండోదే రావడం లేదు. ‘ఫిర్యాదు రాక్’ అంటే పోలీస్ స్టేషన్లో కాగితం రాసిచ్చి సంతకం పెట్టినట్టుంది.

తమాషా ఏమిటంటే, ఆమె వెక్కిరించిన పాట రేడియోహెడ్ అనే బ్రిటిష్ బ్యాండు వాళ్ళ ‘ఫేక్ ప్లాస్టిక్ ట్రీస్’. అదే పాట ఆల్బమ్‌లో ఆరోది, అదీ హోరు లేకుండా అకూస్టిక్ గిటారు మీద పాడింది. సినిమా ఆమె వైపు, ఆల్బమ్ అతని వైపు! అందుకే మాటలో వెటకారం ఉండాలి, పాటని తొక్కేసేంత ఉండకూడదు.

వ్యాఖ్య: ‘సణుగుడు రాక్’ అనండి, గొడవ వదిలిపోతుంది.

వ్యాఖ్య: సణుగుడులో గొంతు పైకి లేవదు కదండీ. నేను ఆ పాట విన్నాను. గొణుగుతున్నట్టే మొదలై చివరికి గొంతు ఎక్కడికో వెళ్ళిపోతుంది. సణిగేవాడు అంత శ్రమ పడడు.

వ్యాఖ్య: ఇంగ్లీషులో ‘కంప్లైంట్’ అనేది పాత కవిత్వంలో ఒక ప్రక్రియ పేరు కూడా. పాతకాలం ఇంగ్లీషు కవి ఛాసర్ తన ఖాళీ డబ్బు సంచిని ఉద్దేశించి మొరపెట్టుకుంటూ రాసిన పద్యం పేరులోనే ఆ మాట ఉంది. షేర్‌కి ఆ సంగతి తెలిసి ఉండదు కానీ, తెలియకుండానే సరైన మాట వాడింది. మనకి ఆ బాణీలో రామదాసుగారు ఉండనే ఉన్నారు. సీతమ్మకు చింతాకు పతకం చేయించాను, భరతుడికి పచ్చల పతకం చేయించాను, దానికే పదివేల వరహాలు పట్టింది, ఎవడబ్బ సొమ్మని కులుకుతూ తిరుగుతున్నావు అని ఖర్చుల చిట్టా విప్పి మరీ దేవుణ్ణి నిలదీశాడు. గోల్కొండ ఖైదులో కూర్చున్నవాడి కంప్లైంట్ అది. కాబట్టి ‘మొర’ అన్న మాట తీసుకోండి. ‘మొర రాక్’.

పోస్టు పెట్టినవారు: మాస్టారూ, రామదాసుగారిని తీసుకురావడంతో నా మనసు నిండిపోయింది. కానీ మీ జవాబు వల్లే ‘మొర’ ఎందుకు కుదరదో తెలిసింది. మొరకి ఆలకించేవాడు కావాలి. రామదాసుకి రాముడున్నాడు, ఛాసర్‌కి డబ్బు సంచి వెనకాల రాజుగారున్నారు. ఫిర్యాదుకి అధికారి కావాలి. ఈ రాక్ పాటలో ఎదురుగా ఎవరూ లేరు. చుట్టూ ఉన్నదంతా ప్లాస్టిక్, చెప్పుకోవడానికి దిక్కు లేదు, పాడుకోవడం తప్ప.

నాకు ఇంకో ఆలోచన వచ్చింది. మన భాషలో ఏడుపుకీ సంగీతానికీ పాత చుట్టరికం ఉంది. ‘రాగాలు తీస్తున్నాడు’ అంటే కచేరీలో మెప్పు, ఇంట్లో తిట్టు. చాక్లెట్ ఇవ్వలేదని గుమ్మంలో చతికిలబడ్డ పిల్లాడు తీసేవీ రాగాలే. ‘రాగాలు తీసే పాటలు వింటాడు’ అంటే ఎలా ఉంటుంది?

వ్యాఖ్య: బాగుంది కానీ ప్రమాదం. మా నాన్నగారు చదివితే కుర్రాడికి శాస్త్రీయ సంగీతం ఇష్టం కాబోలు, బుద్ధిమంతుడు అనుకుంటారు.

వ్యాఖ్య: సంగీతమే కావాలంటే ‘సన్నాయి నొక్కులు’ ఉన్నాయిగా?

వ్యాఖ్య: సన్నాయి నొక్కులు నొక్కేది నేరుగా అనలేనివాళ్ళు. గోడకి చెప్పినట్టు చెబితే పక్కగదిలో కోడలికి తగలాలి. ఆ రేడియోహెడ్ గాయకుడి వెనకాల ఏ కోడలూ లేదు. పై మాట ప్రకారం చూస్తే వినేవాడు ఉన్నాడా, ఉంటే ఎంత దూరంలో ఉన్నాడు అన్నదాన్ని బట్టే మనవాళ్ళు ఈ మాటలన్నీ పంచుకున్నట్టుంది. మొర పైవాడికి, సణుగుడు మనకే, నొక్కులు పక్కగదికి, శోకండాలు వీధి మొత్తానికి. శోకండాలు ఇక్కడ మరీ ఎక్కువ, ఎవరో పోయారనుకుంటారు.

వ్యాఖ్య: మా తెలంగాణలో ‘గునుసుడు’ అంటాం. పిల్లలు అన్నం ముందు పెట్టుకుని, తినరు, లేవరు, ఏం కావాలో చెప్పరు. ఊరికే ముక్కుతో సాగదీస్తుంటారు. ‘ఎందుకు గునుస్తున్నవ్?’ అంటే జవాబుండదు, ఎందుకంటే వాళ్ళకే తెలియదు. అటు ఏడుపు కాదు, ఇటు సణుగుడు కాదు. ఫలానావాళ్ళు వినాలని కూడా ఉండదు. మీ కాలేజీ కుర్రాడికి ఇది సరిపోతుందేమో చూడండి.

పోస్టు పెట్టినవారు: అన్నా, రెండు రోజుల నుంచి వెతుకుతున్నది ఇదే! పైగా పెద్దవాణ్ణి పట్టుకుని ‘గునుస్తున్నావు’ అంటే వాణ్ణి చిన్నపిల్లాణ్ణి చేసినట్టు. షేర్ చేసే పని సరిగ్గా అదే. ఇలా రాసుకున్నాను: ‘వాడి వేషం చూడు. వినేవేమో గునుసుడు పాటలు. పోనీ అందగాడా అంటే, నలుగురూ అనుకునే అందం కూడా కాదు.’

వ్యాఖ్య: ఒక్క సందేహం. బెవర్లీ హిల్స్ పిల్ల నోట ‘గునుసుడు’ వస్తే ఎబ్బెట్టుగా ఉండదా? ఆ అమ్మాయి ఊపిరి తీస్తే ఫ్యాషన్, వదిలితే ఫ్యాషన్.

పోస్టు పెట్టినవారు: నాకూ ఆ భయం ఉంది మేడమ్. కానీ ఆ సినిమా భాష గ్రాంథికమూ కాదు, ఏ డిక్షనరీదీ కాదు. హెకర్లింగ్ నిజంగానే ఆ ఊరి హైస్కూల్లో క్లాసుల్లో కూర్చుని పిల్లల మాటలు విని వచ్చింది, కొన్ని తనే అల్లింది. ఆల్బమ్ కూడా అలాంటి అతుకుల బొంతే. మొదటి అయిదు పాటల్లో నాలుగు పాతవి, వేరేవాళ్ళు మళ్ళీ పాడారు. మొట్టమొదటి ‘కిడ్స్ ఇన్ అమెరికా’ 1981లో కిమ్ వైల్డ్ అనే బ్రిటిష్ అమ్మాయి పాడిన పాట. అమెరికా పిల్లల గురించి ఇంగ్లాండు పాట, దాన్ని మళ్ళీ కాలిఫోర్నియా బ్యాండు ద మఫ్స్ పాడింది. ఊరూ పేరూ ఇంతగా కలిసిపోయిన చోట కరీంనగర్ మాట ఒకటి కూర్చుంటే తప్పేముంది?

వ్యాఖ్య: తప్పు లేదు కానీ ‘రాక్’ పోయింది చూశారా? ‘గునుసుడు పాటలు’ అన్నారు. ‘గునుసుడు రాక్’ అనండి. సగం మనది, సగం వాళ్ళది. ఆ పిల్ల మాట కూడా అలాగే ఉంటుంది.

పోస్టు పెట్టినవారు: మార్చేశాను. ఇక మిగిలింది పదకొండో పాట, కూలియో పాడిన ‘రోలిన్ విత్ మై హోమీస్’. సినిమాలో ఆ స్నేహితురాలు చెయ్యి అలలా ఊపుతూ పాడుకునేది ఇదే. హోమీస్‌ని ఏమనాలో కూడా చెబుతారా?

వ్యాఖ్య: దానికి పోస్టు ఎందుకండీ. మనోళ్ళు.