రాణిపేట క్రోమియం: తోడి శుద్ధి చేయాలా, నేలలోనే మందు దించాలా?

పైజోమీటర్:
తమిళనాడులోని రాణిపేటలో తమిళనాడు క్రోమేట్స్ అండ్ కెమికల్స్ అనే ఫ్యాక్టరీ 1990లలోనే మూతపడింది. లక్షన్నర టన్నులకు పైగా క్రోమియం వ్యర్థం గుట్టగా మిగిలింది. వాన పడితే గుట్ట అడుగు నుంచి పసుపు నీళ్లు ఊరడం దశాబ్దాల గొడవ. నా వాదన సూటిగా చెప్తాను: అక్కడ నీళ్లు తోడి శుద్ధి చేయడం ఎప్పటికీ తెగని పని. పగుళ్లలో ఉన్న నీళ్లు బోరుకి వస్తాయి. పగులు పక్కన మెత్తబడ్డ రాతిలోకి ఇంకిన క్రోమేట్ (నీళ్లలో కరిగే విషపు క్రోమియం) రాదు. మోటారు నడిచినంత కాలం రీడింగు దిగుతుంది, ఆపాక మెల్లగా మళ్లీ లేస్తుంది. దానికి బదులు మొలాసిస్ గానీ ఇథనాల్ గానీ బోర్లలోకి దించితే, నేలలో ఉన్న బ్యాక్టీరియా ముందు ఆక్సిజన్ తినేసి, తర్వాత హెక్సావలెంట్ క్రోమియాన్ని (కరిగి పారే విషపు రూపం, పొట్టిగా హెక్సా) ట్రైవలెంట్‌కి (అంతగా కరగని, విషం తక్కువ రూపం) దించుతుంది. అది హైడ్రాక్సైడ్‌గా గడ్డకట్టి అక్కడే కూర్చుంటుంది. కాలిఫోర్నియా హింక్లీలో, పీజీ అండ్ ఈ అనే గ్యాస్, కరెంటు కంపెనీ 1952 నుంచి 1966 దాకా కూలింగ్ టవర్ నీళ్లను లైనింగ్ లేని గుంటల్లో వదిలిన చోట, ఇథనాల్‌తో చేసింది ఇదే.

గట్టురాయి:
హింక్లీలో ఉన్నది ఒండ్రు, ఇసుక. మందు పోస్తే నాలుగు వైపులా పాకుతుంది. రాణిపేట లాంటి గట్టి రాతిలో పోస్తే వీలున్న ఒక్క పగులు పట్టుకుని పోతుంది, పక్క పగులుకి చుక్క అందదు. మొలాసిస్ ఎక్కువైతే బ్యాక్టీరియా జిగురు కట్టి ఆ ఉన్న పగులూ మూసుకుంటుంది.

ఇక గుట్ట సంగతి. సున్నం కలిపి కాల్చే పాత పద్ధతి వ్యర్థంలో పీహెచ్ 11, 12 ఉంటుంది. దాని మీద ఫెర్రస్ సల్ఫేట్ పోస్తే, ఇనుము క్రోమియాన్ని తాకేలోపే ఆకుపచ్చ ముద్ద అయిపోతుంది. ఆ సల్ఫేట్ సున్నంతో, అల్యూమినాతో కలిసి ఎట్రింజైట్ అనే ఉబ్బే స్ఫటికంగా మారి నేల ఉబ్బుతుంది. పైన వేసిన కాంక్రీటు పగులుతుంది. అంత పీహెచ్‌లో ఏదైనా పనిచేస్తే కాల్షియం పాలీసల్ఫైడ్ లాంటివే.

తోడిన నీళ్లకైతే లెక్క తేలిక. 1 గ్రాము హెక్సాకి 16 గ్రాముల ఫెర్రస్ సల్ఫేట్ స్ఫటికాలు. లీటరుకి 20 మి.గ్రా. ఉన్న నీళ్లు రోజుకి 100 కిలోలీటర్లు తోడితే 32 కిలోలు. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కూడా ఇనుమును తింటుంది కాబట్టి 50 పెట్టుకోండి. పీహెచ్ 8 దగ్గర ముద్ద కట్టించి, ఫిల్టర్ ప్రెస్ ఎక్కించి, ఆ ముద్దను ప్రమాదకర వ్యర్థాల ల్యాండ్‌ఫిల్‌కి పంపాలి. కంటికి కనిపించే పని.

పాలారు_ఒడ్డు:
ఏది చేసినా సరే సార్, కింద ఊరి బావి నీళ్లు ఎప్పుడు తాగొచ్చో చెప్పండి.

ల్యాబ్_బెంచి:
ముందు శాంపిల్ పట్టే సీసా సంగతి తేల్చుకోండి. మొత్తం క్రోమియానికి నైట్రిక్ యాసిడ్ వేసి పీహెచ్ 2 లోపు పెట్టాలి. అదే సీసాలోంచి హెక్సా కూడా చూసేస్తున్నారు. యాసిడ్ పడ్డాక, నీళ్లలో కాస్త సేంద్రియ పదార్థమో ఫెర్రసో ఉంటే చాలు, హెక్సా కాస్తా ట్రైవలెంట్ అయి కూర్చుంటుంది. రిపోర్టులో సున్నా. హెక్సాకి వేరే సీసా కావాలి. బోరు దగ్గరే 0.45 మైక్రాన్ ఫిల్టర్, ఐసు, 24 గంటల్లో పరీక్ష. లేదా అమ్మోనియం సల్ఫేట్ బఫర్‌తో పీహెచ్ 9.3 నుంచి 9.7 మధ్య నిలిపితే 28 రోజులు ఆగుతుంది. బురద నీళ్లు ఫిల్టర్ చేయకుండా హెక్సాకి రంగు తెప్పించే డైఫినైల్ కార్బజైడ్ వేస్తే 540 నానోమీటర్ల దగ్గర మట్టి కూడా రంగులాగే చదువుతుంది.

గట్టురాయి:
సీసా తర్వాత సార్. బోరులో నిలవ నీళ్లకి మూడు రెట్లు తోడేయకుండా సీసా పడితే ఏ యాసిడ్ వేసినా ఒకటే.

ల్యాబ్_బెంచి:
మూడు రెట్లంటే ఎంతో ఎప్పుడైనా లెక్క కట్టారా? ఆరున్నర అంగుళాల బోరులో మీటరుకి 21 లీటర్లు పైనే. 60 మీటర్ల లోతు, 15 దగ్గర నీటిమట్టం అనుకోండి. 45 మీటర్ల నీళ్లు, సుమారు 960 లీటర్లు. దానికి మూడు రెట్లు 2.9 కిలోలీటర్లు, ఒక్క బోరుకి. అవి క్రోమియం నీళ్లే కదా, ఎక్కడ పోశారు? లో-ఫ్లో చేయండి, అంటే మెల్లగా తోడండి. నిమిషానికి 100 నుంచి 500 మి.లీ., మట్టం 10 సెం.మీ. మించి దిగకూడదు. 5 నిమిషాలకోసారి చూస్తూ, మూడు రీడింగుల్లో పీహెచ్ 0.1, కండక్టివిటీ 3 శాతం, ఓఆర్‌పీ (నీటి ఆక్సీకరణ శక్తి కొలత) 10 మిల్లీవోల్టుల లోపు నిలబడితే అప్పుడు సీసా.

గట్టురాయి:
కేసింగ్ పైన పది మీటర్లే ఉండి, కిందంతా తెరిచిన బోరులో లో-ఫ్లో అంటే పంపు ఎక్కడ వేలాడదీశామో అక్కడి నీళ్లే వస్తాయి. 50 మీటర్ల దగ్గర శుభ్రమైన పగులు ఎదురుగా పెడితే సైటంతా శుభ్రమే.

పైజోమీటర్:
మీరిద్దరూ బోరును వదిలేసి పంపు మీద పడ్డారు. తెరిచిన బోరే తప్పు. 22 మీటర్ల దగ్గర లీటరుకి 2 మి.గ్రా. ఉన్న పగులు 1 లీటరు ఇచ్చి, కింద శుభ్రమైన పగులు 39 లీటర్లు ఇస్తే, బకెట్‌లో 0.05 వస్తుంది. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం అది తాగునీరు! పైగా ఆ బోరే పై పగులు విషాన్ని కింది పగులుకి మోస్తుంది. ఒక్కో పగులుకి ఒక్కో 50 ఎంఎం పీవీసీ పైపు, 3 మీటర్ల జల్లెడ, చుట్టూ గులక, పైన బెంటొనైట్ సీలు. అది లేకుండా తీసిన పాత రీడింగులు పట్టుకుని "తోడితే తగ్గింది" అనడం మోసం.

గట్టురాయి:
మోసమా? మాట జాగ్రత్త. ఇంజెక్షన్ బోర్లు పాతికా యాభై వేస్తే ఎవరి బిల్లు పెరుగుతుందో అందరికీ తెలుసు. నాలుగు చోట్ల మందు పోసి, రెండుసార్లు శాంపిల్ తీసి, తగ్గిందని బైండింగ్ చేసి ఇచ్చి వెళ్లిపోతారు. నేలలో ఆక్సిజన్ తీసేస్తే మాంగనీస్, ఆర్సెనిక్ కరిగి పైకొస్తాయి. మీ రిపోర్టులో ఆ రెండు కాలమ్‌లు ఎప్పుడైనా ఉన్నాయా?

మెట్టపొలం:
పాప్‌కార్న్ తెచ్చుకున్నా.

పైజోమీటర్:
ఉండాలి. మాంగనీస్, ఆర్సెనిక్, ఇనుము, ఓఆర్‌పీ, అన్నీ చూడాల్సిందే. మాంగనీస్ ఆక్సైడ్ ఉన్న చోట ట్రైవలెంట్ మళ్లీ హెక్సా అవ్వగలదు, అదీ ఒప్పుకుంటా. మీ పంపు మాత్రం ఏళ్లు తిరిగినా ఆపగలరా?

గట్టురాయి:
ఆపమని ఎవరన్నారు? పంపు ఉన్నది రాతిని కడగడానికి కాదు. పసుపు నీళ్లు పాలారు నది వైపు నడవకుండా భూగర్భ నీటి వాలు మార్చడానికి. బోర్ల మధ్య మట్టాలు కొలిస్తే నీళ్లు లోపలికి వస్తున్నాయో బయటికి పోతున్నాయో తెలుస్తుంది. నాకు కావాల్సింది అంతే. మీరు రాయి శుభ్రం కావాలంటున్నారు, నేను కింది బావి చెడకూడదంటున్నాను.

పైజోమీటర్:
అదీ అసలు మాట. కంపెనీ లేదు. గుట్ట తీయకుండా, కప్పకుండా, అడ్డుకట్ట పేరుతో మోటారు నడిపితే ముప్పై ఏళ్ల తర్వాత కరెంటు బిల్లు ఎవరు కడతారు? ఒక వానాకాలం మోటారు కాలిపోతే మట్టం లేచి, పొడి మట్టిలో ఆగిన క్రోమేటంతా కరిగి కిందికి పోతుంది. అందుకే వాన తర్వాత రీడింగు తగ్గకుండా పెరుగుతుంది.

గట్టురాయి:
గుట్ట ముందు కప్పాలన్న దాంట్లో నాకు పేచీ లేదు. కప్పాక కూడా పంపు ఆగదు.

పైజోమీటర్:
కప్పాక రెండు వానాకాలాలు పంపు ఆపి చూడండి. అప్పుడు మాట్లాడదాం.

గట్టురాయి:
ఆ రెండేళ్లు కింది బావి ఎవరిది?

పాలారు_ఒడ్డు:
మాదే సార్.

ల్యాబ్_బెంచి:
ఆ 2.9 కిలోలీటర్లు ఎక్కడ పోశారో ఇంకా చెప్పలేదు.