కూడిక తప్పితే జడ్జిని ఎవరడగాలి?

కోరమంగళ కృష్ణ:
పాత కేసే, కానీ నిన్న మా మెస్‌లో దీనిమీదే గొడవ. జయలలిత ఆస్తుల కేసులో 2014 సెప్టెంబరు 27న మా బెంగళూరు ప్రత్యేక కోర్టు నాలుగేళ్ల జైలు, 100 కోట్ల జరిమానా వేసింది. 2015 మే 11న కర్ణాటక హైకోర్టు కొట్టేసింది. ఆ తీర్పులో ఆదాయంగా లెక్కేసిన అప్పుల పట్టిక చూడండి. కూడితే 10.67 కోట్లు రావాలి, వేసింది 24.17 కోట్లు! ఆదాయం ఆ మేరకు ఉబ్బి, అక్రమాస్తి ఆదాయంలో 8.12 శాతానికి దిగింది. పది శాతం లోపే కాబట్టి నేరం కాదని వదిలేశారు. అడిగేవాళ్లే లేరా?

వేలచ్చేరి వాసు:
అడిగారుగా. 2017 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టు ఆ తీర్పు రద్దు చేసింది. పై కోర్టు ఉన్నదే అందుకు.

కోరమంగళ కృష్ణ:
నేనడిగేది జడ్జి సంగతండీ. కో-ఆపరేటివ్ బ్యాంకులో క్యాషియర్‌గా ఉండగా ఓ సాయంత్రం రెండు వేలు తక్కువొచ్చాయి. రాత్రి తొమ్మిదిన్నర దాకా కట్టలు విప్పి లెక్కపెట్టాను. చివరికి నా జేబులోంచి కట్టించుకుని, మెమో కూడా ఇచ్చారు.

వైట్‌ఫీల్డ్ లత:
రెండు వేలకీ పదమూడున్నర కోట్లకీ పోలికా!

వేలచ్చేరి వాసు:
మెమోలిస్తామంటే ఏ జడ్జి ధైర్యంగా రాస్తాడు? 1985లో జడ్జీల రక్షణ చట్టం తెచ్చింది ఊరికే కాదు. ఆ హైకోర్టు తీర్పులోనే కేసులోని కట్టడాల ఖర్చు 27.79 కోట్ల నుంచి 5.10 కోట్లకు దించారు. అది అంచనా. అంచనా తప్పినా శిక్షేనా?

కోరమంగళ కృష్ణ:
కూడికలో అంచనా ఏంటండీ?

వేలచ్చేరి వాసు:
మళ్లీ కూడికే! మీకు ఆవిడంటే పడదు, అది ఒప్పుకోండి.

కోరమంగళ కృష్ణ:
పడకపోవడమేంటి? హైకోర్టు వదిలిన పన్నెండో రోజున మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. సుప్రీంకోర్టు దిద్దేసరికి ఆవిడే లేరు, అదే కేసులో శిక్ష పడ్డ శశికళ వెళ్లారు పరప్పన అగ్రహార జైలుకి. ఆ మధ్యకాలానికి లెక్క ఎవరు చెప్తారు?

వేలచ్చేరి వాసు:
మా నాన్నకి కింది కోర్టు శిక్ష వేసింది, పై కోర్టు నిర్దోషి అంది. అయినా వీధంతా ‘జడ్జిని కొన్నాడు’ అన్నారు. పోయేదాకా పెళ్లిళ్లకి వెళ్లలేదాయన. వదిలేసిన ప్రతి జడ్జినీ నిలదీద్దామంటే నాకు ఒళ్లు మండుతుంది. అంతే.

కోరమంగళ కృష్ణ:
నాకు తెలీదు వాసు గారూ, ఏమనుకోకండి. మా బ్యాంకులో వోచరు మీద రెండు సంతకాలుంటాయి. తీర్పు బయటికెళ్లే ముందు పట్టికలు ఇంకొకరు కూడి చూడాలి, నేననేది అదే.

వేలచ్చేరి వాసు:
అది ముందే అనుంటే ఇంత దూరం వచ్చేదా?